తెగింది ఏ నరం?

గాజు గ్లాసులోకి చెయ్యి పెట్టి పీచుతో తిప్పుతున్నాను. నల్లా వచ్చిన పూట అంట్లు తోమడం ఆ వారం నా వంతు. పగిలిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. టిక్కుమని చిన్న శబ్దం, ఆ వెంటనే సింకులో ఎర్రనీళ్లు. ఎడమచేతి ఉంగరపు వేలి మొదట్లో, అరచేతి వైపు, అంగుళం కూడా లేని గాటు. పసుపు అద్దమని ఒకరు, కాఫీపొడి నింపమని ఇంకొకరు. రెండూ వద్దని శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, చెయ్యి పైకెత్తుకుని మాదన్నపేట సందులో నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు నేను ఎవరికో జిందాబాద్ కొడుతున్నాననుకుని ఉంటారు.

దగ్గర్లోని ఓ చిన్న ఆసుపత్రిలో, పేరెందుకులెండి, నాలుగు కుట్లు వేసి, టీటీ సూది పొడిచి, ఐదు రోజుల మాత్రలు రాసిచ్చారు. "నరమేమన్నా తెగిందా డాక్టర్?" అని అడిగాను. "నరం తెగితే రక్తం ఇట్ల ఆగుతదా?" అన్నారాయన. ఆ జవాబు నాకు ఎంతో సబబుగా తోచింది. రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లారి మండీకి పోయాను. మాదన్నపేట మండీలో పొద్దున పూట మనిషికీ మనిషికీ మధ్య కొత్తిమీర కట్ట పట్టేంత జాగానే ఉంటుంది. నేను రోజూ టమాటాలు కొనే పెద్దమ్మ తూకం వేస్తూ వేస్తూ ఆగిపోయింది. సంచి పట్టుకున్న నా ఎడమచేతినే చూస్తోంది.

"బిడ్డా, అన్ని వేళ్లు ముడుసుకున్నయ్, గదొక్కటెందుకు గట్ల నిలబడ్డది?"

అప్పుడు చూసుకున్నాను. మీరూ చూసుకోండి. చెయ్యిని వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని పూర్తిగా వదిలేయండి. వేళ్లు వాటంతట అవే కొద్దిగా ముడుచుకుంటాయి. చూపుడువేలు కాస్త, నడిమివేలు ఇంకాస్త, చిటికెనవేలు అన్నిటికన్నా ఎక్కువ. మెట్లు దిగినట్టు ఒక వరుస ఉంటుంది. నా చేతిలో ఆ వరుసలో ఒక మెట్టు ఊడిపోయింది. ఉంగరపు వేలు తనకేమీ పట్టనట్టు తిన్నగా నిలబడి ఉంది. ముడుద్దామని ఎంత ప్రయత్నించినా కదల్లేదు. నొప్పి కూడా లేదు. భయం వేసింది అందుకే.

"మా చిన్నోనికి గిట్లనే అయింది, మార్బులు కోసే మిషిన్ల పడి. రెండు నెలలు నరాల డాక్టరు దగ్గర తిరిగినం. గోలీలే గోలీలు. ఆకరికి ఆడ కాదు, ఇంకో డాక్టరు దగ్గర పోవాల్నంట. గప్పటికి ఆలిస్యమైపాయె." పెద్దమ్మ టమాటాలు సంచిలో పోసి, పైసలు తీసుకోకుండా, "పో, ఇయ్యాల్నే పో" అని తరిమింది.

నరం లేని నాలుక

ఈ కథంతా ఒక్క మాట దగ్గర మొదలైందని నా అనుమానం. ఆ మాట 'నరం'.

ముసలాయన చేతుల మీద నరాలు తేలాయంటాం. అవి రక్తనాళాలు. మాట వినగానే నరాలు జివ్వుమన్నాయంటాం. అవి మెదడుకు కబురు మోసే నాడులు. మెడ నరం పట్టిందంటాం. అది కండరం. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటాం. నాలుక నిండా నాడులే ఉన్నాయి కదా, మరి ఆ సామెత చెప్పిన పెద్దమనిషి మనసులో ఉన్న నరం ఏది? బిగించి పట్టి ఉంచే తాడు. అంటే టెండాన్. పాఠ్యపుస్తకం దానికి స్నాయుబంధనం అని పేరు పెట్టింది గానీ పదో తరగతి పరీక్ష రాసి వచ్చాక ఆ మాట పలికిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పాతబస్తీలో సగం మంది మాట్లాడే ఉర్దూలోనూ ఇదే తంతు. 'నస్ కట్ గయీ' అంటే రక్తనాళమో, నాడో, తాడో అన్నవాడికీ తెలియదు, విన్నవాడికీ తెలియదు.

మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు. పాత గ్రీకు భాషలో 'న్యూరాన్' అన్న మాటకు అర్థం తాడు, వింటినారి. నాడికీ అదే పేరు వాడారు. రెండో శతాబ్దంలో గాయపడ్డ గ్లాడియేటర్లకు వైద్యం చేసిన గాలెన్ అంతటివాడు కూడా టెండాన్‌లో నాడి కలిసి ఉంటుందని, దాన్ని సూదితో గుచ్చితే మూర్ఛలు వస్తాయని నమ్మాడు. ఆయన మాట వేదవాక్కయి యూరప్ వైద్యులు శతాబ్దాల తరబడి తెగిన తాడును ముట్టుకోవడానికే జంకారు. మధ్యలో ఇబ్న్ సినా, అంటే చార్మినార్ ఎదుట నిజామియా యునానీ ఆసుపత్రిలో హకీములు ఇప్పటికీ తలుచుకునే మహానుభావుడు, దాన్ని కుట్టవచ్చని రాశాడు. టెండాన్‌కు స్పర్శజ్ఞానమే లేదని ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్ ప్రయోగాలు చేసి తేల్చింది 1752లో. ఒక్క మాటలో రెండు అర్థాలు కలిసిపోతే ఎన్ని తరాల చేతులు చెడతాయో చూడండి.

మండీ పెద్దమ్మ కొడుకు రెండు నెలలు 'నరాల డాక్టరు' చుట్టూ తిరిగింది ఈ మాట వల్లే. తెగింది తాడు. వెళ్లింది నాడుల వైద్యుడి దగ్గరకు. అలాంటి గాయాన్ని చూసేది ప్లాస్టిక్ సర్జన్, లేదా చేతుల శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన ఎముకల వైద్యుడు. ప్లాస్టిక్ సర్జన్ అనగానే ముక్కు చక్కదిద్దేవాడని, సినిమావాళ్ల డాక్టరని అనుకుంటాం. అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలో, పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగాల ముందు కూర్చునేవాళ్లు ఎక్కువగా కాలినవాళ్లు, కోసుకున్నవాళ్లు, మిషన్లలో చేతులు పెట్టినవాళ్లు.

పైజామా నాడా

వేలిలో వేలిని ముడిచే కండరం లేదు. పెద్దమ్మ తరిమాక వెళ్లిన చేతుల డాక్టరు ఈ సంగతి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకుని వేళ్లు ఆడించి చూడమన్నాడు. కదలిక అంతా అక్కడుంది, మోచేతికింద. కండరాలు అక్కడ లాగితే ఇక్కడ వేళ్లు ముడుచుకుంటాయి. జనగామ జిల్లా అమ్మాపురంలో కొయ్యబొమ్మలాట ఆడించేవాళ్లు పైన నిలబడి దారాలు లాగితే కింద బొమ్మ చేతులు ఆడతాయే, అచ్చం అలా.

ఒక్కో వేలికి ముడిచే తాళ్లు రెండు. ఒకటి, పైతాడు, నడిమి కణుపు దాకా పోతుంది, రెండోది, లోతు తాడు, గోరు కణుపు దాకా. బొటనవేలికి పొడవాటిది ఒకటి. మొత్తం తొమ్మిది తాళ్లు మణికట్టులో ఇరుకైన సొరంగం గుండా ఒక ముఖ్యమైన నాడిని ఆనుకుని వేళ్లలోకి దిగుతాయి. అందుకే కిటికీ అద్దం మీద చేత్తో బాదినవాడి మణికట్టు తెగితే ఒక్క గాటులో అన్నీ పోతాయి. వేలిలోకి వచ్చాక ఆ జంట తాళ్లు ఒక గొట్టంలో నడుస్తాయి. బండి క్లచ్ వైరు దాని తొడుగులో జారినట్టు జారుతుంటాయి. తాడు ఎముకను వదిలి పైకి లేవకుండా గొట్టం పొడవునా కట్లున్నాయి. అవి తెగితే వేలు ముడిచినప్పుడు తాడు విల్లుకు కట్టిన నారిలా చర్మం కింద పొడుచుకొస్తుంది.

ఇక తెగినప్పుడు ఏమవుతుంది? పైజామా నాడా కొస లోపలికి జారిపోయిన అనుభవం అందరికీ ఉంటుంది. ఒక కొస చేతిలో ఉంటుంది, రెండోది నేఫాలో ఎక్కడో మాయమవుతుంది. కండరం పైనుంచి లాగుతూనే ఉంటుంది కనుక తెగిన తాడు పైకొస అరచేతిలోకి, ఒక్కోసారి ఇంకా పైకి జారుకుంటుంది. పైన చర్మం కుట్టేస్తే గాయం ముచ్చటగా మానుతుంది. లోపల రెండు కొసలు చెరో ఊళ్లో ఉంటాయి. రక్తం ఆగిందా లేదా అన్నదానికీ దీనికీ సంబంధమే లేదు.

కనిపెట్టడం మాత్రం అర నిమిషం పని. వేలి నడిమి కణుపును కదలకుండా పట్టుకుని గోరు కణుపును ముడవమనాలి. ముడవలేకపోతే లోతు తాడు పోయినట్టు. మిగతా వేళ్లను చాపి పట్టుకుని ఆ ఒక్క వేలినే నడిమి కణుపు దగ్గర ముడవమంటే పైతాడు సంగతి తేలుతుంది. చిటికెనవేలు మాత్రం కొందరిలో పుట్టుకతోనే ఈ రెండో పరీక్షలో తప్పుతుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. తర్వాత దూదితో వేలి కొసను రెండు పక్కలా తాకి తెలుస్తోందా అని అడగాలి. నా వేలికి చిటికెనవేలి వైపు తెలియలేదు. అంటే నాకు తాళ్లతోపాటు నాడి కూడా తెగింది. నరం తెగిందా అని నేనడిగిన ప్రశ్నకు ఏ అర్థంలో చూసినా జవాబు అవుననే.

చిన్నపిల్లలు ఈ పరీక్షలకు లొంగరు. వాళ్ల చేతిని కాసేపు నీళ్లలో ఉంచితే నాడి బాగున్న వేలి కొసలు ముడతలు పడతాయి, తెగినవి నున్నగా ఉండిపోతాయి. ఈ చిట్కా తెలిసినప్పటినుంచీ స్నానం చేసిన ప్రతిసారీ వేళ్లు చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఎవరూ అడుగుపెట్టని నేల

నాకు తెగిన చోటుకు వైద్యంలో ఒక పేరుంది. అరచేతి కింది గీత దగ్గర్నుంచి వేలి నడిమి కణుపు దాకా ఉన్న ఆ జాగాను అమెరికా వైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ 'ఎవరిదీ కాని నేల' అన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రెండు సేనల కందకాల మధ్య, అడుగుపెట్టినవాడు తిరిగిరాని నేలకు సైనికులు వాడిన పేరది. అక్కడ తాళ్లు రెండూ ఒకే ఇరుకు గొట్టంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడుస్తాయి. కుడితే అతుకు దగ్గర ఉబ్బుతుంది, గొట్టం గోడకు అంటుకుపోతుంది, వేలు కర్రవుతుంది. అందుకని అక్కడ తెగితే చర్మం మాత్రం కుట్టి వదిలేయండి, కొన్ని వారాల తర్వాత వేరేచోటునుంచి తాడు తెచ్చి మార్చండి అని బన్నెల్ బోధించాడు. చేతుల వైద్యానికి పితామహుడి మాట. ఎవరు కాదంటారు?

కాదన్నవాళ్లలో స్విట్జర్లాండ్ లోజాన్‌లో క్లోడ్ వెర్డాన్ ఒకడు. చేతిని మండలాలుగా విడదీసి, ఎక్కడ తెగితే ఏం చేయాలో లెక్క కట్టింది ఆయనే. నాది రెండో మండలం. ఇంకొకడు అమెరికాలో లూయివిల్ నగరానికి చెందిన హెరాల్డ్ క్లైనర్ట్. 1967లో చేతి సర్జన్ల సభలో లేచి, మేం ఆ నిషిద్ధ నేలలోనే వెంటనే కుడుతున్నాం, వేళ్లు బాగానే ముడుచుకుంటున్నాయి అన్నాడు. సభ నమ్మలేదు. పోయి కళ్లారా చూసిరమ్మని పెద్దల్ని లూయివిల్‌కు పంపింది. వాళ్లు చూసొచ్చి నిజమేనన్నారు.

క్లైనర్ట్ బృందం కుట్టడం ఒక్కటే చేయలేదు. గోరుకు రబ్బరుబ్యాండు తగిలించి దాని రెండో కొసను మణికట్టు దగ్గర కట్టింది. రోగి వేలిని తనంతట చాపుతాడు, వదలగానే రబ్బరు దాన్ని ముడిచేస్తుంది. అతుకు మీద కండరం బలం పడదు, తాడు మాత్రం గొట్టంలో అటూ ఇటూ జారుతూ ఉంటుంది. 1975లో డ్యురాన్, హౌజర్ అనే ఇద్దరు, తాడు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు జారితే చాలు, గోడకు అంటుకోదని చూపించారు. మూడు మిల్లీమీటర్లంటే పెసరగింజంత దూరం. ఒక చేతి బతుకు ఆ పెసరగింజ మీద ఆధారపడి ఉంది. 1989లో బెల్‌ఫాస్ట్ వైద్యులు ఇంకో అడుగు వేసి, కుట్టిన కొద్దిరోజులకే రోగి చేత సొంత కండరంతోనే మెల్లగా ముడిపించడం మొదలుపెట్టారు.

నా డాక్టరు ఇదంతా ఒక్క వాక్యంలో తేల్చేశాడు. "తాడు తాడుకి అతుక్కోవాలి, గోడకి అంటుకోకూడదు. అంతే సార్, మా చదువంతా."

మెలకువలో

నాలుగో రోజు ఆపరేషన్. ఇలాంటివి వారం పది రోజుల్లోపు కుడితే మేలు. మూడు నాలుగు వారాలు దాటితే కండరం కుంచించుకుపోతుంది, గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు సిలికాన్ కడ్డీ ఒకటి పెట్టి, దాని చుట్టూ కొత్త గొట్టం ఏర్పడటానికి మూడు నెలలు ఆగి, రెండో ఆపరేషన్‌లో వేరేచోటి తాడు తెచ్చి అమర్చాలి. పెద్దమ్మ కొడుక్కి చెప్పింది అదే. రెండు ఆపరేషన్లకు పని మానుకోలేక ఆ కుర్రాడు వేలినే మానుకున్నాడు.

నాకు పూర్తి మత్తు ఇవ్వలేదు. లిగ్నోకెయిన్‌లో కాస్త అడ్రినలిన్ కలిపి వేలి చుట్టూ, అరచేతిలో సూదులు వేసి అరగంట కూర్చోబెట్టారు. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది కనుక చేతికి పట్టీ బిగించి రక్తం ఆపే అవసరం ఉండదు. వేలికి అడ్రినలిన్ ఇస్తే వేలు చచ్చిపోతుందని వైద్య కళాశాలల్లో తరతరాలుగా నేర్పారు. ఆ పాపం ఒకప్పుడు వాడిన ప్రొకెయిన్‌ది, అడ్రినలిన్‌ది కాదని తర్వాత తేలింది. కెనడాలో డొనాల్డ్ లాలాండ్ బృందం 3,110 మంది చేతులకు, వేళ్లకు ఇచ్చి చూస్తే ఒక్క వేలూ పోలేదని 2005లో ప్రకటించింది. లెక్క బాగానే ఉంది. కానీ సూది నా వేలికే పడుతున్నప్పుడు 3,111వ వాణ్ని నేనే అవుతానేమోనన్న గుబులు ఉండనే ఉంది.

గాటును జిగ్‌జాగ్‌గా పెద్దది చేశారు. కింది కొస సులువుగానే దొరికింది. పైకొస అరచేతిలోకి జారిపోయింది. నాడాను పిన్నీసుతో లాగినట్టే, పసిపిల్లలకు పాలుపట్టే సన్నటి గొట్టాన్ని వేలిలోంచి అరచేతిలోకి పంపి, తాడుకొసను దానికి కుట్టి, మెల్లగా బయటకు లాక్కొచ్చారు. చూడాలని ఉందా అని అడిగారు. తల తిప్పి చూశాను. ముత్యం రంగు. తెల్లగా, మెరుస్తూ, చదునుగా. మేక కాలు కొట్టించుకున్నవాళ్లెవరికైనా తెలిసిన రంగే. దాని లోపలినుంచి నాలుగు పోగులు పడేలా దారం తీశారు. అంచుల చుట్టూ వెంట్రుకంత సన్నటి దారంతో ఇంకో వరుస కుట్టారు. ఆనక సర్జన్ కళ్లద్దాలు పైకెత్తుకుని, "ఇప్పుడు వేలు ముడవండి" అన్నాడు.

ముడిచాను. తెరిచి ఉన్న నా చేతిలో నా తాడు నా కళ్లముందే జారింది. కుట్టు ఒక కట్టు అంచుకు తగులుకుని ఆగింది. ఆయన ఆ కట్టును కొద్దిగా కోసి వదులు చేశాడు. "మళ్లీ." ఈసారి సాఫీగా పోయింది. పూర్తి మత్తులో ఉన్నవాడి చేతిలో ఆ తగులు తెలిసేదెలా? మెలకువలో చేయడంలో లాభం డబ్బు మిగలడం ఒక్కటే కాదని అప్పుడర్థమైంది. ఆ తర్వాత నాడిని సూక్ష్మదర్శిని కింద కుట్టారు. నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నా వేలి కొసకు స్పర్శ చేరేసరికి దాదాపు మూడు నెలలు.

నక్కో హిలావ్

అసలు కథ ఇక్కణ్నుంచి. కుట్టడానికి గంటన్నర పట్టింది. మిగతా పన్నెండు వారాలు సర్జన్ చేతిలో లేవు.

మనకు కట్టు అంటే భక్తి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు. బెణికితే కట్టు. కట్టు కట్టాక కదపకూడదు, అది మన రక్తంలో ఉంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నా చెయ్యి చూసి ఒకటే మాట, కదపకు. పక్కింటి చాచా అయితే దస్తీతో మెడలోకి వేలాడదీసి మరీ, "నక్కో హిలావ్ మియా, బిల్కుల్ నక్కో" అని ఒట్టు వేయించుకున్నాడు. ఆయన ప్రేమకు లొంగి ఉంటే నా వేలు కర్రయ్యేది.

ఆపరేషనైన నాలుగో రోజు థెరపిస్టమ్మ దగ్గరికి పంపారు. వేడినీళ్లలో వేస్తే అప్పడంలా మెత్తబడే ప్లాస్టిక్ రేకును తీసి నా చేతి వెనకభాగం మీద పరిచి, రెండు నిమిషాల్లో చేతికి సరిపోయే తొడుగు చేసింది. వేళ్లు పూర్తిగా చాపనివ్వదది, ముడుచుకోవడానికి మాత్రం దారి వదులుతుంది. మొదట కుడిచేత్తో వేలిని మెల్లగా అరచేతి వైపు వంచాలి, వాపు బిగువు సడలాలి. తర్వాత దానంతటదిగా సగం పిడికిలి దాకా. పూర్తి పిడికిలి కూడదు. బిగపట్టకూడదు. మెలకువగా ఉన్నంతసేపు గంటగంటకూ పది మార్లు. "మెల్లగ సార్, ధీరే ధీరే. కోడిగుడ్డు పట్టుకున్నట్టు." ఆమె దగ్గర మూడు భాషలుండేవి, మూడింటిలోనూ ఒకటే మాట, మెల్లగ.

మొదటి రోజు వేలు ఎంత కదిలిందో చెప్పనా? బియ్యపుగింజంత. ఆమె కొలబద్ద పెట్టి చూసి సంతోషించింది. నేను ఏడుపుముఖం పెట్టాను.

ఇందులో ఒక మెలిక ఉంది. కదపకపోతే అంటుకుపోతుంది. ఎక్కువ కదిపితే తెగిపోతుంది. కుట్టిన మొదటివారం దాటాక అతుకు గట్టిపడటానికి బదులు కొన్నాళ్లు మెత్తబడుతుంది, ఆ దశ దాటితేనే బలం పుంజుకుంటుంది. సరిగ్గా అప్పుడే వాపు తగ్గి, నొప్పి పోయి, మనకు బాగైపోయిందనిపిస్తుంది. ఆ ధైర్యంతో బిందె ఎత్తినవాళ్లు, జారిపడబోయి గోడ పట్టుకున్నవాళ్లు, నిద్రలో తొడుగు తీసి పారేసినవాళ్లు టప్‌మన్న చప్పుడు వింటారు. వారమంతా నేను భయపడింది ఆ చప్పుడుకే.

థెరపీ గది ముందు బెంచీ మీద పాతబస్తీ అంతా కూర్చుని ఉండేది. పతంగి మాంజా బొటనవేలిని కోసిన డెలివరీ కుర్రాడు. బక్రీదు రోజు కత్తి జారినవాడు. క్రికెట్ బంతి గోటికి తగిలి వేలి కొస వాలిపోయిన ఎనిమిదో తరగతి పిల్లాడు. వాడిది చాపే తాడు, వేలి వెనక ఉండేది. దానికి ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు గానీ శిక్ష మాత్రం కఠినం. ఆరునుంచి ఎనిమిది వారాలు ఆ కొస కణుపును ఒక్కసారీ వంగనివ్వకుండా చిన్న తొడుగులో ఉంచాలి. మధ్యలో ఒక్కసారి వంగితే లెక్క మళ్లీ ఒకటినుంచి. ఆ పిల్లాడు మూడోసారి ఒకటికి వచ్చాడు. వాడి తల్లి కళ్లలో నీళ్లు, వాడి కళ్లు ఫోన్లో.

మాంజా గురించి ఒక మాట అనకుండా ఉండలేను. నైలాన్ దారానికి గాజుపొడి పట్టించిన చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. 2024 సంక్రాంతి ముందు లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద బండి మీద వెళ్తున్న సైనికుడి గొంతు కోసింది అదే. చావులు పత్రికలకెక్కుతాయి. దారాన్ని చేత్తో పక్కకు తొలగించబోయి వేళ్లు కోసుకున్నవాళ్లు బెంచీ మీద కూర్చుంటారు.

ఉంగరపు వేలు, నూటికి ఏడు

బెంచీ మీద అందరికంటే తక్కువ కనిపించేది గ్రైండర్ మిషన్ కుర్రాళ్లు. ఆపరేషన్ అయ్యేదాకా ఉంటారు. రెండో వారం నుంచి రారు. ఆసుపత్రులు మందలిస్తాయి, రోగి వినడు సార్ అంటాయి. వినకేం? విన్నాడు. రోజుకూలీ పన్నెండు వారాలు మానుకుంటే ఇల్లు ఎవరు నడపాలో చెప్పినవాడు లేడంతే. ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి పనిలో గాయమైతే కోలుకునేదాకా కూలీలో 90 శాతం వస్తుంది. మేస్త్రీ దగ్గర లెక్కకు పనిచేసే మార్బులు కుర్రాడికి ఆ కార్డేదీ? ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఆపరేషన్ ఖర్చు మోస్తుంది గానీ, గంటకు పదిసార్లు వేలు ముడవడానికి తీరిక ఇవ్వలేదు.

2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం చివర ఒక పట్టిక ఉంది. చదివితే మండీలో ధరల పలక గుర్తొస్తుంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలు 14. నడిమివేలు 12. ఉంగరపు వేలో చిటికెనవేలో అయితే 7. వేలు ఉండి కూడా శాశ్వతంగా ఏ పనికీ రాకుండా పోతే తెగిపడినట్టే లెక్క అని కింద ఒక వాక్యం కూడా ఉంది. చాలామంది మేస్త్రీలకు ఆ వాక్యం తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. ఉంగరపు వేలికి 7 అని రాసినవాడు ఎన్నడూ సుత్తి పట్టి ఉండడు. సుత్తి, పార, బకెట్ కాడ, ఏది గట్టిగా పట్టాలన్నా బిగువు వచ్చేది ఆ చివరి రెండు వేళ్లనుంచే. కావాలంటే వాటిని చాపి ఉంచి, మిగతా వేళ్లతో నీళ్ల బకెట్ ఎత్తి చూడండి.

పనిచేసే చేతిని తిరిగి పనిలోకి పంపడమే వైద్యం అన్న ఆలోచన మన దక్షిణాదిలో కుష్ఠు రోగుల దగ్గర పుట్టింది. తమిళనాడు కొల్లిమలైలో పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో వేలూరు వచ్చి, నాడులు చచ్చి పక్షి గోళ్లలా వంకరపోయిన చేతుల్లో పనిచేసే తాడొకదాన్ని తీసి పనిచేయని చోట అమర్చడం మొదలుపెట్టాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915నుంచీ కుష్ఠు ఆసుపత్రి నడిచిన నేల మనది, ఆ చేతుల అవసరం మనకు కొత్త కాదు. చక్కబడ్డ చేత్తో ఏం చేయాలో తెలియక తిరిగి అడుక్కోవడానికి వెళ్లినవాళ్లను చూసి, బ్రాండ్ వాళ్లకు వడ్రంగం నేర్పే కేంద్రం పెట్టాడు. వేలూరు ఆసుపత్రిలోనే మేరీ వర్ఘీస్ అనే డాక్టరు 1954 ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడ్డాక, చక్రాల కుర్చీలో కూర్చుని ఆ చేతులకే ఆపరేషన్లు చేసింది.

మా బస్తీ పేరు తానీషా కొలువులో మంత్రి మాదన్నదంటారు. మంత్రి పేరు మిగిలింది గానీ, ఈ నగరం నడిచింది ఆయన ముద్ర మీద కాదు. లాడ్‌బజార్‌లో లక్కగాజుకు వేడి మీద రాళ్లు అద్దే వేళ్లు, మగ్గం మీద జర్దోజీ సూది తిప్పే వేళ్లు, వెండి వర్ఖు కొట్టే చేతులు, దూల్‌పేటలో పతంగి కాగితం అంటించే చేతులు. వాటిలో ఏ వేలు పోయినా ఏడు శాతం కాదు.

ఆరో వారం తొడుగు తీసేశారు. ఎనిమిదో వారం టీ కప్పు. పన్నెండో వారం దాటాక మండీకి పోయాను, సంచి ఎడమచేత్తోనే పట్టుకుని. పెద్దమ్మ టమాటాలు తూచి, సంచిలో పోయకుండా, "చెయ్యి పట్టు" అంది. చాపాను. చిల్లర అరచేతిలో పోసి, "ముడువు" అంది.

ముడిచాను. నాలుగు వేళ్లూ ముడుచుకున్నాయి. ఉంగరపు వేలి కొస మాత్రం అరచేతిని తాకలేదు. మధ్యలో చింతగింజ పట్టేంత సందు మిగిలింది. ఆమె ఆ సందులోకి తొంగిచూసి, రూపాయి బిళ్ల ఒకటి అందులోకి దూర్చి, కిందపడుతుందేమోనని కాసేపు చూసింది. పడలేదు.

"మావోనికి గూడ ఫోన్ జేస్త," అంది, కొసరు మిరపకాయలు సంచిలో వేస్తూ. "గా డాక్టరు ఏడుంటడో జెర రాసియ్యి."